కనుమ అవతల వేసిన మావి

దోలా లోయలో వారాల కిందటే చచ్చిన చివరి ఎర్ర తోడేలు ఎముకలను పూడ్చిపెట్టి, మట్టి చేతులను గడ్డికి తుడుచుకుని గుర్రమెక్కిన నగావోను కిందటి వారం మనం దారిలోనే వదిలిపెట్టాము. వానలు మొదలైన రోజుల్లో ఆ లోయ నిండా గుంపులు గుంపులుగా తోడేళ్ళుండేవి. వానలు వెనుకబట్టేసరికి ఒక్కటీ మిగలలేదు. టీకా వేయడానికి కావలసిన అనుమతి రాజధానిలో ఒక బల్ల మీది నుంచి మరొక బల్ల మీదికి నెమ్మదిగా నడుస్తుండగా, పిచ్చికుక్క రోగం ఒక గుంపు నుంచి మరొక గుంపుకు పరుగెత్తింది. పరుగులో ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన పందెం అది.

అనుమతి చివరకు వచ్చింది. దాని వెంట మంచుపెట్టెలో టీకా కూడా వచ్చింది, అయితే ఒక్క గుంపుకు సరిపడినంతే. పశువుల డాక్టరు యెషి ఆ పెట్టెను కంచరగాడిద మీద కట్టించుకుని పొద్దున్నే మెడ కనుమకు బయలుదేరింది. దోలా లోయ నుంచి దక్షిణాన ఉన్న సొదోటా లోయకు దారి అదొక్కటే. రెండు పక్కలా నల్లరాతి గోడలు, నడుమ ఒక మంద మాత్రమే పట్టేటంత ఇరుకు. అది దాటగానే మొండితోక అనే ఆడతోడేలు గుంపు కాపురముంటుంది. ఆ గుంపుకు టీకా అందితే రోగానికి తలుపు మూసినట్టే. దాని వెనుక సొదోటా అంతటా ఉన్న తోడేళ్ళు బతికిపోతాయి. అందకపోతే, ఈ బాలె కొండల్లో ఆ జంతువు ఉండేదని పిల్లలకు చెప్పుకోవలసిందే.

బయలుదేరేముందు యెషి ఒకే ప్రశ్న అడిగింది. రోగం కనుమ దాటలేదు కదా అని. దాటలేదని నగావో తడుముకోకుండా చెప్పాడు. తోడేళ్ళకు కాపలా కాయడం అతడి ఉద్యోగం. లోయలోని ప్రతి గుడిసె ముందు పడుకునే ప్రతి కుక్కా అతడికి తెలుసు. తెలుసునని అతడి నమ్మకం.

ఇప్పుడతడు కనుమ వైపే పోతున్నాడు. సాయంకాలానికి యెషిని కలుసుకోవాలి. ఇద్దరూ కలిసి మేకమాంసం ముక్కల్లో టీకా గొట్టాలను పెట్టి, చీకటి పడేలోగా తోడేళ్ళ దారిలో చల్లాలి.

గుర్రం మాటిమాటికీ తడబడుతోంది. దారికి అటూ ఇటూ నేలంతా జల్లెడలా ఉంది. తోడేళ్ళున్నప్పుడు భయం భయంగా తల బయటపెట్టి ఒక గుప్పెడు గడ్డి కొరికి లోపలికి లాక్కునే పెద్దతల ఎలుకలు, ఇప్పుడు పట్టపగలు బొరియల ముందు కూర్చుని తీరుబడిగా మేస్తున్నాయి. వాటిని చూసి గద్దలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరాయి. అయితే గద్ద పగటి వేటగత్తె, పైపైనే పట్టగలదు. తోడేలులా బొరియ ముందు పొట్ట నేలకానించి గంటల తరబడి ఓపిక పట్టడం దానికి చేతకాదు. ఆవులు మేయవలసిన పచ్చిక నేల రంగుకు తిరిగిపోతోంది. లోయ చచ్చిపోయిందని ఎవరూ అనలేరు, అంతటా కదలికే. కాని ఆ కదలికంతా ఒకే జాతిది.

మధ్యాహ్నం దాటుతుండగా అక్క దురేతి గుడిసె కనిపించింది. వానల కాలంలో కింది ఊళ్ళలో బార్లీ చేలు నిండుగా ఉన్నప్పుడు మందలను పైకి తోలుకువచ్చి, కోతలప్పుడు దిగిపోయేవాళ్ళలో ఆమె ఇల్లూ ఒకటి. అప్పటికే చుట్టుపక్కల గుడిసెలు చాలావరకు ఖాళీ అయ్యాయి. వీళ్ళు మాత్రం ఇంకా దిగలేదు. కారణం గుమ్మం ముందే నిలబడి ఉంది. ముదురు గోధుమరంగు ఆడగుర్రం మగాలా, దాని పొట్టకింద సన్నటి పొడుగు కాళ్ళ మీద ఒక పిల్ల.

నగావో గుర్రం దిగి పిల్ల మెడ నిమిరాడు. తన గుర్రం కాక, ఈ మధ్య అతడి చెయ్యి తాకిన జంతువుల్లో ప్రాణమున్నది ఇదొక్కటే.

"చూశావా దాని కాళ్ళు?" అంటూ దురేతి గుడిసెలోంచి వచ్చింది. "వచ్చే ఏడాది కాదు, ఆపై ఏడాది పండగ పందేల్లో మీ ఊరి గుర్రాలన్నీ దీని తోక చూస్తూ రావాల్సిందే. నువ్వేంట్రా, ఇలా ఎండిపోయావు? తోడేళ్ళు పోయాయని తిండి మానేశావా?"

"దారిలో తిందామని నీ దగ్గరికే వచ్చానక్కా."

"బార్లీ పిండి చూకో ఉంది. ఎలుకలు మిగిల్చింది."

ఆ మాటలో హాస్యం సగమే. అటక మీది బార్లీ సంచులకు చిల్లులు పడ్డాయని, విత్తనాలకు దాచినదాంట్లో కూడా ఎలుకల పెంటే ఎక్కువుందని ఆమె కాఫీగింజలు వేయించుతూ చెప్పుకొచ్చింది. ఆమె భర్త తెమాం పట్నం నుంచి ఎలుకలమందు తెప్పిద్దామంటున్నాడట. మందు తిన్న ఎలుకను గద్ద తింటే గద్ద కూడా చస్తుందని నగావో అన్నాడు. గుమ్మం బయట జీను పట్టీ కుట్టుకుంటున్న తెమాం తల ఎత్తకుండానే, గద్దలు తన బార్లీకి కాపలా కాయడం లేదు కదా అన్నాడు. తోడేళ్ళు ఆ కాపలా ఎన్నేళ్ళు ఉచితంగా కాశాయో వాదించి చెప్పే ఓపిక ఆ రోజు నగావోకు లేదు.

ఆ కొండల్లో కాఫీ మూడు విడతలుగా పోస్తారు. మూడోది దీవెన కప్పు. అది తాగేదాకా గొడవల ఊసు, చావుల ఊసు, నిలదీసే ప్రశ్న ఎత్తకూడదు. ఎత్తితే దీవెన ఇల్లు దాటిపోతుందని పెద్దల మాట. నగావో ఆ మాట నమ్మడు. కానీ పాటిస్తాడు. వేడి కాఫీ లోపలికి దిగేలోపు మనిషికి కాస్త కోపం చల్లారుతుంది కనుక, దీవెన సంగతి ఎలా ఉన్నా ఆచారంలో మేలుందని అతడి అభిప్రాయం.

మొదటి కప్పులో, అక్కడి అలవాటు ప్రకారం, వెన్నా ఉప్పూ సమంగా పడ్డాయి. నెల కిందట పిల్ల ఏ రోజు పుట్టిందీ, మగాలా ఎంత కష్టపడిందీ దురేతి చెప్పింది. రెండో కప్పు అందిస్తూ, మావి విషయంలో తాను ఏ లోటూ చేయలేదని కూడా చెప్పింది.

ఎర్ర తోడేలును అక్కడివాళ్ళు గుర్రాల నక్క అంటారు. ఈనబోయే గుర్రం వెంట ఒక్కోసారి రోజుల తరబడి అది తిరుగుతుంది. గుర్రం ఈని మావి వేయగానే తిని వెళ్ళిపోతుంది, పిల్ల జోలికి పోదు. మావిని తోడేలు తింటే పిల్లకు తోడేలు పరుగు వస్తుందని ఆ లోయలో నమ్మకం. కష్టపడకుండా దొరికే మెత్తటి తిండి కోసమే అది తిరుగుతుందని నగావో ఎన్నోసార్లు విడమరచి చెప్పాడు. పరుగెత్తిన గుర్రాలన్నిటి మావినీ తోడేలే తిన్నదని జనం గుర్తుపెట్టుకున్నారు. కుంటి నడక నడిచిన గుర్రాల మావి ఎవరు తిన్నారో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. నమ్మకాలు బతికేది అలాగే. అయినా ఈ ఒక్క నమ్మకాన్ని అతడు మరీ గట్టిగా ఎదిరించలేదు. తోడేలు మీద రాయి విసరకుండా ఆ జనాన్ని తరతరాలుగా ఆపింది చట్టం కాదు, ఈ నమ్మకమే.

అందుకే అక్క మాట అతడి చెవిలో మామూలుగానే పడింది. రెండో కప్పు సగం తాగాక గాని అందులోని తిరకాసు అతడికి తట్టలేదు.

పిల్ల పుట్టిన నాటికి దోలా లోయలో తోడేళ్ళు లేవు.

అతడు కప్పు కింద పెట్టాడు. "తోడేలు తిన్నదా మావిని? నువ్వు చూశావా?"

"నా కళ్ళతో చూశాను."

"ఏ తోడేలక్కా? ఇక్కడెక్కడున్నాయి తోడేళ్ళు?"

"ఇక్కడ లేవనే కదరా అంత దూరం మోసింది," అంది దురేతి, తన తెలివికి తానే మురిసిపోతూ. "పాత తోలులో చుట్టి గాడిద మీద వేసుకుని మెడ కనుమ దాటి వెళ్ళాను. నడుములు పోయాయి. అయితేనేం, పిల్లకు రావాల్సింది వచ్చింది."

నగావో కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. గుమ్మం పక్కన, ఎప్పుడూ కుక్క పడుకునే చోట, నేల ఒంటి రాపిడికి నున్నగా గుంట పడి ఉంది. గుంట ఖాళీగా ఉంది. తాను వచ్చినప్పుడు ఏ కుక్కా మొరగలేదని అతడికి అప్పుడు తోచింది. ఇంత పెద్ద తేడాను తాను గమనించకపోవడమే అతడికి వింతగా అనిపించింది. మొరగని గుడిసెలకు ఈ మధ్య చెవులు అలవాటుపడ్డాయి కాబోలు.

"అక్కా, దల్చా ఏది?"

"మూడో కప్పు పొయ్యనివ్వవా?" అంది ఆమె.

అతడు కప్పు చాచాడు. ఆమె పోసింది. దీవెన మాటలు ఆమె పెదవుల మీద తొందర తొందరగా నలిగాయి. నగావో ఊదకుండానే మింగాడు. నాలుక కాలింది. ఖాళీ కప్పును ఆమె ముందు బోర్లించి, అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడిగాడు.

జవాబు బయటి నుంచి వచ్చింది. "దుమ్ములగొండి పట్టుకుపోయింది," అన్నాడు తెమాం. సూది ఆగలేదు.

దురేతి నిప్పుల్లోకి చూస్తూ కూర్చుంది. దీవెన కప్పు తాగిన ఇంట్లో అబద్ధం ఆడడానికి ఆమెకు నోరు రాలేదు. భర్త ఆడింది వినడానికి కూడా కష్టంగానే ఉన్నట్టుంది.

"ఆయన మాట నమ్మకు," అంది చివరికి. "ఆయనే చంపాడు. బల్లెంతో."

తరువాతి సంగతి ముక్కలు ముక్కలుగా బయటపడింది. వానల నడుమ ఆవులను ఉప్పు ఊటకు తోలుకుపోయినప్పుడు అక్కడ ఎక్కడెక్కడి మందలూ వచ్చి చేరాయి. ఎవరిదో తెలియని కుక్క ఒకటి దల్చాను మూతి మీద కరిచింది. గాయం మానిపోయింది. అందరూ మరచిపోయారు. మగాలా ఈనే రోజుల్లో దల్చా కొంచెం ముభావంగా ఉందని, పిలిస్తే ఆలస్యంగా చూసేదని దురేతికి ఇప్పుడు గుర్తొస్తోంది. కనుమ నుంచి తిరిగొచ్చాక అది నీళ్ళు ముట్టలేదు. కింది దవడ వేలాడింది. దడికర్రను కొరుకుతూ నిలబడింది. తెమాం దూరం నుంచే బల్లెం విసిరి చంపి, లోతుగా గొయ్యి తీసి పూడ్చాడు.

"దల్చాకు పిచ్చికుక్క రోగం సూది వేయించామన్నారు కదా," అన్నాడు నగావో. "ఉప్పు ఊట దగ్గర వేరే జట్టు వేసిందన్నావు బావా. నీ మాట పట్టుకుని కుక్కలకు సూదులు వేసే మా వాళ్ళను ఈ గుడిసె వదిలేయమని నేనే చెప్పాను."

తెమాం ఇప్పుడు తలెత్తాడు. "సూది వేసిన కుక్కలు రాత్రిళ్ళు నిద్రపోతాయంట. దుమ్ములగొండ్లు వచ్చి దూడల్ని ఎత్తుకుపోతుంటే నీ టీకా వచ్చి మొరుగుతుందా? ఔలియా సమాధి మట్టి మూట కట్టాను మెడకి. మా నాన్న కుక్కలన్నిటికీ అదే కట్టాడు. ఒక్కటీ దుమ్ములగొండి నోట పడలేదు."

"ఇదీ పడలేదులే," అన్నాడు నగావో.

తెమాం మళ్ళీ పట్టీ మీదికి వంగాడు. ఆ తరువాత చాలాసేపు సూది అదే చిల్లులోకి దిగి అదే చిల్లులోంచి పైకి వచ్చింది.

నగావో అక్క వైపు తిరిగాడు. అడగవలసింది ఇంకొకటి ఉంది. జవాబు ఏమై ఉంటుందో అతడికి దాదాపు తెలుసు. అయినా తెలియడం వేరు, వినడం వేరు.

"కనుమ అవతలికి దల్చా నీ వెంట వచ్చిందా?"

"తోడు లేకుండా అంత దూరం నేనొక్కదాన్నే ఎలా వెళ్తాను?"

"తోడేలుతో కలబడిందా?"

దురేతి ఒడిలో చేతులు ముడిచింది. మావిని పచ్చిక మీద పరచి తాను దూరంగా కూర్చున్నానని, తోడేలు చాలాసేపు చూసి చూసి మెల్లగా వచ్చిందని చెప్పింది. దల్చా ఎప్పుడూ తోడేళ్ళను పట్టించుకునేది కాదు. మంద నడుమ అవి ఎలుకల కోసం తిరుగుతుంటే పక్కనే పడుకునేది. ఆ రోజు మాత్రం మొరగకుండా, చెవులు ఆడించకుండా, రాయి విసిరినట్టు వెళ్ళి మీద పడింది.

"పెదవి చీలిందిరా దానికి. రక్తం కారుతూనే ఉంది. అయినా మావిని వదల్లేదు. అంత దెబ్బ తిని కూడా తిన్నదంటే మంచి శకునం అనుకున్నాను నేను."

"ఎలా ఉంది ఆ తోడేలు?"

"తోడేలులాగే ఉంది. తోక మాత్రం సగమే ఉంది. మొండిగా."

బయట పిల్లగుర్రం తల్లి పొదుగును వెతుక్కుంటూ మూతితో పొడుస్తోంది.

సొదోటా ముఖద్వారంలో తోక తెగిన తోడేలు ఒక్కటే ఉంది. పొరుగు గుంపుతో పోట్లాడి తోక పోగొట్టుకున్ననాటి నుంచీ నగావోకు అది తెలుసు. ఆ గుంపులో పిల్లలను కనేది అదొక్కతే. ఈ ఏటి పిల్లలు బొరియ దాటి బయటికి రావడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. రోగం ఏ దారిన రాకూడదని ఇన్నాళ్ళూ కాపలా కాశాడో ఆ దారినే, గాడిద మీద, తోలులో చుట్టిన మొక్కుబడి వెంట నడిచి వెళ్ళింది. దోలాలో తోడేళ్ళు చావకుండా ఉంటే అక్క ఈ గుమ్మం ముందే మావి వేసి ఊరుకునేది. రోగం ఈ లోయను ఖాళీ చేయబట్టే, ఆ లోయకు దారి దొరికింది.

అతడు లేచి తుపాకీ భుజాన వేసుకున్నాడు. దల్చా మూతిని, చొంగను ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాడు. లేదన్నారు. అయినా ఇద్దరూ రేపు తెల్లవారగానే పట్నం ఆసుపత్రికి దిగి సూది వేయించుకోవాలని, వంక చెప్పడానికి వీల్లేదని గట్టిగా చెప్పాడు.

"సూది వేస్తే నేనూ నిద్రపోతానేమో," అని తెమాం గొణిగాడు.

"నిద్రపోతావు బావా. బతికి నిద్రపోతావు."

గుర్రం దాకా దురేతి వెంట వచ్చింది. గాబీ దుప్పటి చెంగుతో నోరు కప్పుకుంది. "నేను మంచే అనుకున్నారా," అంది. "మనవైపు తోడేళ్ళు లేవు, పిల్లకు దీవెన పోతుందనుకున్నాను. నేను చంపానా వాటిని?"

కాదని చెప్పడం తేలిక. అవునని చెప్పడానికి కోపం కావాలి, కోపమంతా మూడో కప్పుతోనే కాలిపోయింది. నగావో పిల్లగుర్రాన్ని చలికి బయట ఉంచవద్దని మాత్రం చెప్పి గుర్రాన్ని అదిలించాడు.

మెడ కనుమ దాటేసరికి ఎండ పసుపుబారింది. రాళ్ళ చాటున యెషి కూర్చుని మేకమాంసం కోస్తోంది. రాజధానిలో పుట్టిపెరిగిన మనిషి, బక్కపలచటి ఒళ్ళు, తలకు ఉన్ని టోపీ. ఎన్నో వారాల తరువాత ఆమె ముఖంలో కొద్దిగా తేటదనం కనిపించింది. దాన్ని తుడిచేయవలసిన పని తనకే పడినందుకు నగావో సిగ్గుపడ్డాడు. గుర్రం దిగి, నిలబడే, మొదటి నుంచి చివరి వరకు చెప్పాడు. అక్క పేరు దాచలేదు.

ఆమె అంతా విన్నాక కత్తిని గడ్డిలో తుడిచి పక్కన పెట్టింది. "రోగం కనుమ దాటలేదన్నారు మీరు."

"అన్నాను డాక్టరమ్మా."

"సరే," అంది.

తరువాత ఆమె అతడికి వినిపించేలా పైకే ఆలోచించింది. పెట్టెను దూరంగా ఉన్న గుంపుల దగ్గరికి మోసుకుపోవచ్చు, కాని లోపలి మంచు అప్పటికే నీరవుతోంది. అక్కడికి చేరేసరికి టీకా వట్టి నీళ్ళతో సమానం. కనుక వాడితే ఇక్కడే, ఈ పూటే వాడాలి. కాటు పడిన ప్రతి తోడేలుకూ రోగం రావాలని లేదు. వచ్చినా బయటపడడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. మొండితోక ఇంకా ఆ వ్యవధిలోనే ఉంటే మిగతా గుంపు శుభ్రంగా ఉన్నట్టే. మొండితోకను ఒక్కదాన్ని తీసేసి మిగతావాటికి టీకా తినిపించగలిగితే తలుపు ఇంకా మూసుకోవచ్చు. పిల్లలు మాంసం తినడం మొదలుపెట్టాయి కాబట్టి తల్లి లేకపోయినా గుంపులోని మిగతావి తెచ్చిపెడతాయి.

"తీసేయడమంటే," అన్నాడు నగావో.

యెషి అతడి భుజం మీది తుపాకీ వైపు చూసింది. "పట్టుకుని కట్టేసి చూద్దామంటే నా దగ్గర బోనూ లేదు, మత్తుమందూ లేదు. రోగం ఉమ్ములో చేరాక, దవడ పడిపోకముందే, కొద్ది రోజుల పాటు పైకి ఏమీ కనిపించదు. ఇవి రోజూ పొద్దున్నా సాయంత్రం కలిసినప్పుడల్లా ఒకదాని మూతి ఒకటి నాకుతాయి. అది మీకు నాకంటే బాగా తెలుసు."

తెలుసు. వేటకు విడివిడిగా పోయిన తోడేళ్ళు ఇల్లు చేరినప్పుడు తోకలాడిస్తూ, కీచు గొంతులతో ఒకదాని మీద ఒకటి పడి మూతులు నాకుకునే ఆ వేళ కోసమే అతడు ఏళ్ళ తరబడి చలిలో పడి ఉండేవాడు. పెళ్ళిళ్ళలో కూడా అంత సంబరం చూడలేదని అక్కతో అనేవాడు. ఇప్పుడు ఆ సంబరమే రోగానికి రాచబాట. ఒంటరిగా తిరిగే జంతువులైతే ఒకటో రెండో చచ్చి రోగం ఆగిపోయేది. ప్రేమగా ఉండే జంతువులు కాబట్టి అన్నీ చస్తాయి. ఇందులో శకునమూ లేదు, శాపమూ లేదు. ఉమ్ము ఒక నోటి నుంచి ఇంకొక నోటికి పోవడం ఉంది, అంతే. శాపమైతే తీర్చే దారి ఏదో ఒకటి పెద్దలు చెప్పి ఉండేవారు.

అతడి తుపాకీ పశువుల దొంగల కోసం, దొంగచాటు వేటగాళ్ళ కోసం ఇచ్చినది. జంతువు మీద అది ఇంతవరకు పేలలేదు. ఆ కొండల్లో తోడేలును కొట్టిన మనిషి ఇంటి గుర్రాలు ఈనలేవంటారు. అదీ అతడు నమ్మడు. అయినా తూటా నింపేముందు ఒకసారి తన గుర్రం వైపు చూశాడు.

ఇద్దరూ రాతి అంచున బోర్లా పడుకున్నారు. కింద వాగు ఒడ్డున, తెల్లటి పొదల నడుమ, బొరియ. పిల్లలు దాని ముందు ఒకదాని చెవి ఒకటి లాక్కుంటున్నాయి. పెద్దవి రెండు అప్పటికే వచ్చి కూర్చున్నాయి. మొండితోక లేదు.

"రాకపోతే బాగుండును," అంది యెషి మెల్లగా. "ఎక్కడో ఒంటరిగా పోయి ఉంటే."

వచ్చింది. వాగు అవతలి గట్టు మీద, వెనుక నుంచి ఎండ పడి ఒళ్ళంతా కుంకుమరంగు తేలిన ఆడతోడేలు, సగం తోక. నోట ఒక పెద్ద ఎలుక. నడక తిన్నగానే ఉంది. నగావో ఊపిరి వదిలాడు.

"ఎలుకను పట్టింది డాక్టరమ్మా. నోరు బాగానే ఉంది. వేటాడుతోంది."

"ఇదేనా?"

"ఇదే."

యెషి దుర్బిణిని కళ్ళ నుంచి తీయలేదు. "అయితే ఇంకా వేళ మించిపోలేదు. పిల్లల దగ్గరికి చేరకముందే కొట్టాలి. కొట్టగలరా?"

అతడు తుపాకీని చెంపకు ఆనించాడు. మొండితోక వాగు దిగి, ఈవలి ఒడ్డెక్కి, ఆగింది. నోటిలోని ఎలుక జారి గడ్డిలో పడింది. వంగి తీసుకోబోయింది. మళ్ళీ జారింది. మూడోసారి మూతి దాని మీద ఆనించి, నోరు మూయలేక, అలాగే నిలబడిపోయింది. చీలి మానిన పెదవి నుంచి ఒక తీగ నేల దాకా సాగి ఎండలో మెరిసింది.

యెషి దుర్బిణిని దించింది.

"నిన్న సాయంత్రం కూడా ఇది ఇంటికి వచ్చే ఉంటుంది, అన్నిటి మూతులూ నాకే ఉంటుంది," అంది. ఆమె గొంతులో ఇప్పుడు తొందర లేదు.

కింద పిల్లలు తల్లిని చూశాయి. మొదటిది పరుగందుకుంది. దాని వెంట మిగతావి, తోకలు ఊపుకుంటూ, ఆకలి కీచులతో, తెచ్చింది కక్కి పెట్టమని ఆ వేలాడే నోటి వైపు. తుపాకీ కొన మీద నుంచి నగావో చూస్తున్న చోట తల్లి ఒక్కతే ఉన్నది ఒక్క క్షణమే. ఆ క్షణం గడిచిపోయింది. అతడి వేలు మీట మీదే ఉంది.